పెళ్లికీ ఆపరేషన్‌కూ మధ్య: ఊళ్లో కౌమార బాలికలకు గర్భనిరోధక సేవలు, ప్రత్యుత్పత్తి ఆరోగ్య విద్య అందించడం ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారు. మాత్రలు, కండోమ్, లూప్, ఇంజెక్షన్ వాడేవాళ్లందరినీ కలిపినా నూటికి ఇద్దరు కూడా లేరు. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో. దేశ సగటు 6.8 మాత్రమే. తెలంగాణలో ఈ అంకె 5.8కి తగ్గినా, బాల్య వివాహాలు 23.5 శాతం దగ్గర ఉన్నాయి.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. ప్రభుత్వ నిబంధన ప్రకారం స్త్రీకి ఆపరేషన్ చేయాలంటే కనీసం 22 ఏళ్లు నిండాలి, ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉండాలి. పదిహేడేళ్లకు పెళ్లయిన పిల్లకు అప్పటిదాకా ఏ సాధనం గురించీ ఎవరూ చెప్పరు. పెళ్లికాని పిల్ల అయితే లెక్కలోకే రాదు. మాత్రలు, కండోమ్‌లు ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రం బీరువాలో ఉండవచ్చు. ఆ బీరువా దాకా పిల్ల నలుగురి కళ్లూ తప్పించుకుని రాగలదా అన్నదే అసలు ప్రశ్న. కింది పద్ధతి అంతా దానికి జవాబు వెతికే ప్రయత్నం. ఇది ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, ఉపాధ్యాయినులు, అంగన్‌వాడీ టీచర్లు, పొదుపు సంఘాల నాయకురాళ్ల కోసం. ఒక్కరే చేయగల పని కాదు. ఆరోగ్య శాఖ నుంచి ఒకరు, బడి నుంచి ఒకరు కలిస్తే మొదలుపెట్టవచ్చు.

మొదటి మెట్టు: ఎవరికి ఏమి అందడం లేదో చూడండి

ఊళ్లో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లలందరూ ఒకే గుంపు కాదు. బడికి వెళ్లేవాళ్లను చేరడం తేలిక. బడి మానేసి కూలికి వెళ్లేవాళ్లు, ఇంటి దగ్గర తమ్ముళ్లను చూసుకునేవాళ్లు ఏ సమావేశానికీ రారు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాల పిల్లలు నెలల తరబడి ఊళ్లోనే ఉండరు. పాలమూరు వలసల సంగతీ అంతే. వాళ్లతో మాట్లాడాలంటే సుగ్గికి, అంటే ఆ వలస పనులకు, బయలుదేరకముందే మాట్లాడాలి. మాత్రలు వాడుతున్నవాళ్లకు తిరిగి వచ్చేదాకా సరిపడా ప్యాకెట్లు ఇచ్చి పంపాలి.

అందరికంటే కనపడనిది వేరే ఊరి నుంచి వచ్చిన కొత్త కోడలు. పుట్టింటి ఊరి ఆశా ఆమెను వదిలేస్తుంది. అత్తింటి ఊరి ఆశా ఆమెను చూసేది నెల తప్పాకే. పెళ్లి జరిగిన నెలలోపే అర్హ దంపతుల రిజిస్టర్‌లో, అంటే పిల్లల్ని కనే వయసు జంటల పేర్లు రాసే పుస్తకంలో, పేరు ఎక్కాలని మీలో మీరు ఒక నియమం పెట్టుకోండి. వయసు పెంచి చెప్పడం మామూలు కాబట్టి ఆధార్‌తో పాటు పదో తరగతి సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగండి.

ఏ పిల్లకు ఎవరితో స్నేహం ఉందన్న రాతలు మాత్రం ఎక్కడా పెట్టవద్దు. నోటు పుస్తకం పోతే ఒక జీవితం పోయినట్టే.

రెండో మెట్టు: చట్టం ఏమంటుందో ముందే తెలుసుకోండి

చాలామంది ఆరోగ్య కార్యకర్తలు ఈ విషయాన్ని ముట్టుకోకపోవడానికి కారణం సిగ్గు కాదు, భయం. ఆ భయంలో కొంత నిజం ఉంది, కొంత అపోహ ఉంది.

శరీరం గురించి, నెలసరి గురించి, గర్భం ఎలా వస్తుంది, ఎలా రాకుండా చూసుకోవచ్చు అన్నదాని గురించి 18 ఏళ్లలోపు పిల్లలకు చెప్పడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్, అంటే జాతీయ కౌమార ఆరోగ్య కార్యక్రమం, ఆ పని చేయమనే చెబుతోంది. 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైతే ఒక పురుషుడు, ఒక స్త్రీకి శిక్షణ ఇచ్చి 11 అంశాలు చెప్పించాలి. వాటిలో ప్రత్యుత్పత్తి ఆరోగ్యమూ ఒకటి. ఎవరైనా అడ్డుపడితే ఈ రెండు పేర్లూ చెప్పండి. సర్కారు కార్యక్రమం అంటే సగం గొంతులు తగ్గుతాయి.

నిజమైన చిక్కు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంతో ఉంది. 18 ఏళ్లలోపు వ్యక్తితో లైంగిక సంబంధం, ఆమె ఇష్టపడినా, నేరమే. ఆ నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పెళ్లయినంత మాత్రాన ఇది మారదు. 18 ఏళ్లలోపు భార్యతో సంబంధం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంది.

అందుకే పిల్లకు ‘ఎవరికీ చెప్పను, ఒట్టు’ అని మాట ఇవ్వకండి. ఆమె తన కథ మొదలుపెట్టకముందే మీరు ఇలా అనాలి: ‘తల్లీ, నువ్వు ఏమి అడిగినా నేను జవాబు చెబుతాను. నీ మాట ఊళ్లో ఎవరి చెవినా వేయను. కానీ నీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి, నిన్ను ఎవరైనా ముట్టుకున్నారని నువ్వు చెబితే డాక్టరమ్మకు, పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత నాకు ఉంటుంది. అది విని ఏమి చెప్పాలో నువ్వే ఆలోచించుకో.’ ఇలా చెప్పాక పిల్ల సాధారణ ప్రశ్నలే అడగవచ్చు. అదీ మంచిదే, సమాచారం అందింది కదా. బలవంతం, ఇంట్లో వేధింపు, వయసులో చాలా పెద్దవాడి ప్రమేయం ఉన్నచోట మాత్రం తటపటాయించకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇంకొక వెసులుబాటు ఇచ్చింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర లేదు. ఈ సంగతి మీ పీహెచ్‌సీ డాక్టరుకు తెలుసో లేదో ఒకసారి కనుక్కోండి. ఏ పరిస్థితిలోనూ చికిత్స నిరాకరించకూడదన్నది మాత్రం అందరికీ గుర్తుండాలి.

మూడో మెట్టు: తల్లులను, అత్తలను ముందు కూర్చోబెట్టండి

పిల్లలతో నేరుగా మొదలుపెడితే రెండో వారానికే ఎవరి తండ్రో పంచాయతీ ఆఫీసుకు వస్తాడు. పొదుపు సంఘం సమావేశం చివర్లో అరగంట అడగండి. ‘గర్భనిరోధకం’ అన్న మాటతో మొదలుపెట్టకండి. రక్తహీనతతో మొదలుపెట్టండి. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో రక్తం తక్కువున్నవాళ్లు ఆంధ్రలో 60 శాతం, తెలంగాణలో దాదాపు 65 శాతం అని పైన చెప్పిన సర్వే అంటోంది. బడిలో వారానికి ఒకటి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్ర ఎందుకో చెప్పి, రక్తం లేని పిల్ల పదిహేడేళ్లకు కాన్పుకు వెళితే ఏమవుతుందో అడగండి. ఆ గదిలో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఆ జవాబు సొంత ఒంటి మీద తెలుసు. బరువు తక్కువ బిడ్డలు, బీపీ పెరిగి వచ్చిన ఫిట్స్, కాన్పులో పోయిన అక్కచెల్లెళ్లు, అన్నీ వాళ్లే చెబుతారు. మీరు వినండి.

తల్లుల దగ్గర రెండు భయాలు బయటపడతాయి. ‘ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు’ అన్నది మొదటిది. ఫోను చేతిలో ఉన్న పిల్లకు ఎలాగూ ఏదో ఒకటి తెలుస్తూనే ఉంటుందని, అది తప్పుడు చోట నుంచి తెలుస్తుందా, అంగన్‌వాడీ టీచర్ నోట తెలుస్తుందా అన్నదే మన చేతిలో ఉందని చెప్పండి. రెండోది పరువు. దీనికి వాదనతో జవాబు దొరకదు. పెద్దమనిషి అయిన రోజున మనమే టెంటు వేసి, పట్టుచీర కట్టించి, ఊరందరికీ భోజనం పెట్టి పిల్ల ఎదిగిందని చాటుతాం. ఎదిగింది అంటే ఏమిటో ఆ పిల్లకు మాత్రం చెప్పం. ఈ మాట నవ్వుతూ అనండి. ముసలమ్మలే ముందు నవ్వుతారు, ఆ తర్వాత మాట సులువవుతుంది.

పురుషుల కోసం వేరే సభ అక్కర్లేదు. సర్పంచ్‌కు, పాఠశాల యాజమాన్య కమిటీ ఛైర్మన్‌కు విడిగా వెళ్లి చెప్పి, కార్యక్రమం తేదీ ముందే తెలియజేస్తే చాలు.

నాలుగో మెట్టు: బడిలో ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి

ఎనిమిదో తరగతి సైన్సులో కౌమారదశ పాఠం ఉంది, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. ‘ఇది ఇంట్లో చదువుకోండి’ అని పేజీలు తిప్పేసే అలవాటూ ఉంది. ఆ పాఠం చెప్పించడమే మీ మొదటి లక్ష్యం. కొత్త పుస్తకాలు, ప్రాజెక్టర్లు తర్వాత సంగతి. టీచర్‌కు ఇబ్బందిగా ఉంటే ఆ పీరియడ్‌కు ఏఎన్‌ఎం వచ్చి పక్కన కూర్చుంటే చాలు, సగం బరువు దిగుతుంది.

ఆరు, ఏడు తరగతుల వాళ్లకు నెలసరి, శుభ్రత, తమ శరీరాన్ని ఎవరు ముట్టుకోకూడదు అన్నవి సరిపోతాయి. మొదటి రెండేళ్లు నెలసరి క్రమం తప్పడం సహజమని, 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా భయం లేదని చెప్పండి. వారం దాటి రక్తస్రావం కొనసాగినా, గంటకో ప్యాడ్ తడిసినా, పదిహేనేళ్లు దాటినా రజస్వల కాకపోయినా డాక్టరుకు చూపించాలి.

ఎనిమిది నుంచి పైవాళ్లకు గర్భం ఎలా వస్తుందో పూర్తిగా చెప్పాలి. ఇక్కడ నసిగితే మొత్తం శ్రమ వృథా. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. అండం ఒక రోజే బతుకుతుంది, వీర్యకణాలు మాత్రం అయిదు రోజుల దాకా ఉండగలవు. ఈ ఒక్క లెక్క చెబితే ‘ప్రమాదం లేని రోజులు’ అన్న నమ్మకం ఎంత బలహీనమైనదో పిల్లలకే అర్థమవుతుంది. నెలసరే క్రమంగా రాని వయసులో ఏ రోజు ప్రమాదం లేనిదో ఎలా తెలుస్తుంది? మొదటిసారి కలిస్తే గర్భం రాదన్నది అబద్ధం. వెంటనే కడుక్కుంటే రాదన్నదీ అబద్ధమే. బొప్పాయి, నువ్వులు, బెల్లం తింటే గర్భం పోదు.

ప్రశ్నలు నోటితో అడగమంటే ఒక్కరూ అడగరు. అట్టపెట్టెకు చీలిక పెట్టి, అందరికీ ఒకే రంగు కాగితాలు ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లు కూడా ‘నాకు ప్రశ్న లేదు’ అని రాసి వేయాలి. లేకపోతే కలం కదిలిన పిల్ల ఎవరో పక్క పిల్ల చూస్తుంది. చీటీలు ఇంటికి తీసుకెళ్లి చదివి, మరుసటి వారం జవాబులు చెప్పి, తర్వాత చింపేయండి. బెదిరింపు, వేధింపు సూచించే చీటీ కనిపిస్తే అది ఎవరిదని తరగతిలో అడగవద్దు. ‘ఇలాంటిది ఎవరికైనా జరిగితే నన్ను ఎక్కడ, ఎప్పుడు కలవవచ్చు’ అన్నది అందరికీ చెప్పి, 1098 నంబరు బోర్డు మీద రాయండి.

కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాల్లో ఉండే పిల్లలకు రాత్రి వేళ వార్డెన్‌తో మాట్లాడే వీలుంటుంది. కాబట్టి ముందు వార్డెన్‌కు శిక్షణ ఇప్పించండి. బడి మానేసిన పిల్లలకు ప్రతి నెలా జరిగే గ్రామ ఆరోగ్య, పోషణ దినం రోజున అంగన్‌వాడీలో విడిగా గంట కేటాయిస్తే సరిపోతుంది.

ఐదో మెట్టు: సాధనాల గురించి ఒక్కొక్కటిగా, నిజాయితీగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం చిన్న వయసు అన్న ఒక్క కారణంతో ఏ తాత్కాలిక సాధనాన్నీ నిరాకరించనక్కర లేదు. బిడ్డ పుట్టని స్త్రీ కూడా వాడవచ్చు. ‘ముందు ఒక బిడ్డను కననివ్వండి, తర్వాత చూద్దాం’ అనే సలహాకు వైద్యపరంగా ఆధారం లేదు.

అయినా ఏ సాధనం ఎవరికి నప్పుతుందో తేల్చేది వైద్య పుస్తకం ఒక్కటే కాదు, ఆ పిల్ల ఉండే ఇల్లు కూడా. రేకుల పెట్టెలో మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల ప్యాకెట్ దొరికితే గొడవ జరిగే ఇల్లా? నెలసరి రాకపోతే అత్తగారు వారంలో కనిపెట్టే ఇల్లా? భర్త మాట వినే మనిషా? ఇవి అడగకుండా ప్యాకెట్ చేతిలో పెడితే అది చెత్తకుప్పకే చేరుతుంది.

కండోమ్: దుష్ప్రభావం లేదు, సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి కాపాడేది ఇది ఒక్కటే. పీహెచ్‌సీలో నిరోధ్ ఉచితం. లోపం ఏమిటంటే వాడడం మగవాడి చేతిలో ఉంది. మామూలు వాడకంలో ఏడాదికి నూటికి 13 మందికి గర్భం వస్తుంది. ఎక్కువ భాగం వాడకంలో తప్పులే. కాబట్టి ఎలా వాడాలో నమూనాతో చూపించాలి.

మాలా-ఎన్: 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. నెలసరి మొదలైన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టి రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, అవసరమైతే ఆ రోజు రెండు. వరుసగా రెండు, అంతకు మించి మరిచిపోతే మాత్రలు కొనసాగిస్తూనే ఏడు రోజులు కండోమ్ వాడాలి. మొదటి రెండు మూడు నెలలు వికారం, తలనొప్పి, మధ్యలో మరకలు కనిపించవచ్చు. మన ఊళ్లలో దీన్ని ‘వేడి చేసింది’ అని మానేస్తారు. ఇది వేడి కాదు, శరీరం అలవాటు పడుతోంది, రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే తగ్గుతుందని ముందే చెప్పినవాళ్లే కొనసాగిస్తారు. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, ఆరు నెలల్లోపు బిడ్డకు పాలిచ్చే తల్లికి ఇవి వద్దు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకు, మూర్ఛకు కొన్ని మందులు వాడేవాళ్లకు ఈ మాత్రల శక్తి తగ్గుతుంది. డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు.

ఛాయ: ఇది హార్మోన్ మాత్ర కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసింది. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి మూడు నెలల పాటు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. ఆదివారం మొదలుపెడితే ఆది, బుధవారాలు. మూడు నెలల తర్వాత ఆదివారం మాత్రమే. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. రోజూ గుర్తుపెట్టుకునే బాధ లేదు, వికారం లేదు. కొందరికి మొదటి నెలల్లో నెలసరి ఆలస్యమవుతుంది. ఈ మాట చెప్పకపోతే నెల తప్పిందనుకుని హడలిపోతారు. నన్ను అడిగితే, కొత్తగా పెళ్లయిన చిన్న వయసు పిల్లకు ముందుగా పరిచయం చేయవలసిన మాత్ర ఇదే. కానీ చాలా ఉపకేంద్రాల్లో దీని పేరు ఎత్తేవాళ్లు కూడా తక్కువే.

అంతర: మూడు నెలలకు ఒక ఇంజెక్షన్. 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. ఇంట్లో దాచాల్సిన వస్తువు ఏదీ ఉండదు. కానీ నెలసరి ముందు అస్తవ్యస్తమై, తర్వాత చాలామందికి ఆగిపోతుంది. ‘చెడు రక్తం లోపలే ఉండిపోతుంది’ అన్న భయం ఇక్కడే పుడుతుంది. గర్భాశయం లోపలి పొర పెరగకపోతే బయటికి రావలసిన రక్తమే ఉండదని బొమ్మ గీసి చూపించండి. ఆపేసిన తర్వాత మళ్లీ గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది. వచ్చే ఏడాది బిడ్డ కావాలనుకునే అమ్మాయికి ఇది సరైనది కాదు. 18 లోపు వాళ్లకు ఎముకల గట్టిదనం దృష్ట్యా డాక్టరు ఆలోచించి ఇస్తారు, నిషేధం మాత్రం లేదు. సూది వేసిన చోట రుద్దకూడదు.

లూప్, అంటే కాపర్-టి: 375 రకం అయిదేళ్లు, 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది. తీసేయగానే గర్భం రావచ్చు. గుండెలోకి ఎక్కుతుందన్న కథ ఊరూరా ఉంది. గర్భాశయం నుంచి గుండెకు దారే లేదు. మొదటి కాన్పు అయిన 48 గంటల్లోపు వేయించుకుంటే మళ్లీ ఆసుపత్రికి ప్రత్యేకంగా రానక్కర లేదు. అయితే ఈ మాట నొప్పుల మధ్య అడగకూడదు. ఏడో నెల పరీక్షలప్పుడే చెప్పి, ఆమె సరేనంటేనే వేయాలి. చెప్పకుండా వేసిన ఒక్క లూప్ చాలు, ఆ వీధిలో పదేళ్లపాటు ఇంకెవరూ ఒప్పుకోరు.

అత్యవసర మాత్ర: 72 గంటల్లోపు ఒకటి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఇది గర్భస్రావ మాత్ర కాదు, వచ్చిన గర్భాన్ని తీయదు. ప్రతి నెలా వాడేదీ కాదు. అత్యాచార బాధితురాలికి ఇది ఆలస్యం కాకుండా అందాలి, పోలీసు కాగితాల కోసం ఆగకూడదు.

ఆరో మెట్టు: అడిగే చోటు, అడిగే వేళ

మన ఉపకేంద్రం అంటే ఒకే గది, ఎదురుగా అరుగు, అరుగు మీద బీపీ చూపించుకోవడానికి వచ్చిన నలుగురు పెద్దలు. ఆంధ్రలో విలేజ్ క్లినిక్ అన్నా, తెలంగాణలో పల్లె దవాఖానా అన్నా ఈ అరుగు మారదు. అందుకే రెండు మార్పులు చేయండి. వారంలో ఒక రోజు, బడి వదిలిన తర్వాత గంటా రెండు గంటలు ‘ఆడపిల్లల రక్తపరీక్ష వేళ’ అని పేరు పెట్టండి. ఐరన్ మాత్రల కోసం వచ్చిన పిల్లను ఎవరూ అనుమానించరు. రెండోది, లోపలి మూలకు ఒక తెర. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి ఏటా 10,000 రూపాయల వరకు వచ్చే నిధి నుంచి తెర, తాళం ఉన్న చిన్న బీరువా కొనవచ్చు.

పెద్ద ఆసుపత్రుల్లో కిశోర ఆరోగ్య క్లినిక్, అందులో కౌన్సెలర్ ఉండాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. మీకు దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రంలో అది ఏ గదిలో, ఏ రోజుల్లో నడుస్తుందో మీరే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. మూసి ఉన్న గదికి పిల్లను పంపితే ఆమె మళ్లీ రాదు.

ఇంటికి తెచ్చి ఇచ్చే పద్ధతి 2011 నుంచి ఆశాల చేతిలో ఉంది. మూడు కండోమ్‌లకు ఒక రూపాయి, నెల మాత్రలకు ఒక రూపాయి, అత్యవసర మాత్రకు రెండు రూపాయలు తీసుకోవచ్చని అప్పుడు నిర్ణయించారు. ఆశా సొంత ఊరి మనిషి కావడమే ఆమె బలం, అదే ఆమె బలహీనత కూడా. ఆశా అక్క ఒక అమ్మాయి మేనత్తకు తోడికోడలు అయితే ఆ అమ్మాయి నోరు విప్పదు. అలాంటి పిల్లలకు పక్క ఊరి ఆశా పేరు, ఏఎన్‌ఎం ఫోను నంబరు అందుబాటులో ఉంచండి. మందుల షాపతనితోనూ మాట్లాడాలి. పిల్ల వస్తే నలుగురి ముందు గట్టిగా ‘ఏం మాత్ర?’ అని అరవకుండా ఉంటే అదే పెద్ద సేవ.

ఏడో మెట్టు: కొత్త కోడలి మొదటి ఏడాది

బాల్య వివాహం జరగబోతోందని తెలిస్తే ఆపించడమే మొదటి పని. 2006 చట్టం కింద ఆంధ్ర, తెలంగాణల్లో స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులకు ఆ బాధ్యత ఉంది, 1098కి చెప్పినా చాలు. జరిగిపోయిన పెళ్లిని కూడా ఆ అమ్మాయి తనకు 20 ఏళ్లు నిండేలోపు కోర్టు ద్వారా రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి ఆమెకు చెప్పేవాళ్లే ఉండరు.

పెళ్లయిన అమ్మాయి ఇంటికి వెళితే అత్తగారి ఎదుటే మాట్లాడవలసి వస్తుంది. అందువల్ల అత్తగారినే అడగండి: ‘పెద్దమ్మా, పిల్ల బరువు నలభై కిలోలు లేదు, రక్తం ఎనిమిది ఉంది. ఈ ఒంటితో మోస్తే మనవడు బతికి బట్టకట్టాలి కదా. రెండేళ్లు ఆగి, రక్తం పట్టాక కననిద్దాం.’ ఇది లౌక్యమే, కానీ అబద్ధం లేని లౌక్యం. తర్వాత బరువు చూసే నెపంతో కోడలిని ఒంటరిగా ఉపకేంద్రానికి రప్పించి, ఆమెకు ఏమి కావాలో అడగండి. భర్తను సెలవు రోజున కలిసి కండోమ్ గురించి చెప్పడం మగ ఆరోగ్య కార్యకర్త పని. పెళ్లి తర్వాత రెండేళ్లు మొదటి కాన్పు వాయిదా పడితే ఆశాకు 500 రూపాయలు, మొదటి బిడ్డ తర్వాత మూడేళ్ల ఎడం ఉంటే మరో 500 ఇచ్చే జాతీయ పథకం ఒకటుంది. మీ పీహెచ్‌సీలో దాన్ని క్లెయిమ్ చేస్తున్నారో లేదో అడగండి.

ఎనిమిదో మెట్టు: నెల తప్పితే

గర్భం ఉందో లేదో చూసే నిశ్చయ్ కిట్ ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతుంది. ఫలితం ఏదైనా తిట్టు ఉండకూడదు. 1971 గర్భస్రావ చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. మైనర్లకు, అత్యాచార బాధితులకు, మరికొన్ని వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు వీలుంది. 18 నిండిన స్త్రీకి తన సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. 18 నిండని పిల్లకు సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. ఇక్కడ సంరక్షకులంటే తండ్రే కానక్కర లేదు, ఆమె బాగోగులు చూసే పెద్ద మనిషి ఎవరైనా కావచ్చు. వివరాలు బయటపెట్టిన ఆసుపత్రి సిబ్బందికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది.

డాక్టరు లేకుండా మందుల షాపులో కొన్న గర్భస్రావ మాత్రల కిట్టు, ఆర్‌ఎంపీ సూది, చెట్టు మందు, వీటితోనే ప్రాణాలు పోతాయి. అప్పటికే వాడేసి ఉంటే, గంటకు రెండు ప్యాడ్‌లు నిండే రక్తస్రావం, జ్వరం, దుర్వాసన, భరించలేని కడుపునొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. అసలు ఏమి వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పించాలి.

తొమ్మిదో మెట్టు: మగపిల్లలు

ఆడపిల్లలకు క్లాసు పెట్టి మగపిల్లలను గ్రౌండుకు పంపడం చూస్తూనే ఉన్నాం. అదే వేళ పురుష టీచరు వాళ్లకు వేరే గదిలో అదే పాఠం చెప్పాలి. నెలసరి మరక చూసి నవ్వకూడదన్నది, వద్దంటే వద్దనే అర్థమన్నది, 18 లోపు పిల్లతో పారిపోతే పోక్సో కేసులో జైలుకెళ్లేది తామేనన్నది వాళ్లు వినాలి. చివరిది చెప్పినప్పుడు గదిలో చప్పుడు ఆగిపోతుంది. కానీ భయపెట్టడంతో ఆపేయకండి, కండోమ్ గురించీ చెప్పండి.

పదో మెట్టు: లెక్క ఎలా చూసుకోవాలి

ఎన్ని సభలు పెట్టాం, ఎంతమంది సంతకాలు చేశారు అన్నది లెక్క కాదు. మూడు నెలలకోసారి ఇవి చూడండి: పేర్లు లేకుండా, ఉపకేంద్రానికి 19 లోపు ఆడపిల్లలు ఎంతమంది తమంతట తాము వచ్చారు, ఛాయ, అంతర తీసుకున్నవాళ్లలో రెండో విడతకు తిరిగి వచ్చినవాళ్లు ఎంతమంది, కొత్తగా నమోదైన గర్భిణుల్లో 20 ఏళ్లలోపు వాళ్లు ఎంతమంది. రెండో విడతకు రానివాళ్ల ఇళ్లకు వెళ్లి కారణం కనుక్కోండి. ఎక్కువసార్లు దొరికే కారణాలు రెండే: దుష్ప్రభావం గురించి ముందు చెప్పకపోవడం, స్టాకు లేకపోవడం.

స్టాకు విషయంలో మొహమాటం పనికిరాదు. నెల వాడకానికి మూడు రెట్లు చేతిలో ఉండేలా ఇండెంట్ పెట్టండి, గడువు తేదీ దగ్గరపడ్డవి ముందు ఇవ్వండి, లేనప్పుడు పీహెచ్‌సీ నెలవారీ సమావేశంలో రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి.